గుర్రం మీద దూరప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గుర్రాల ఎండ్యూరెన్స్ (దూరప్రయాణంలో ఓర్పును పరీక్షించే) పోటీల మీద తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: ఒక్క రోజులో 80, 160 కిలోమీటర్లు గుర్రం మీద వెళ్లే పోటీలకు విదేశాల్లో కూడా ఆదరణ తగ్గిపోతోందని చదివాను. నిజమేనా? జనానికి గుర్రాల మీద మోజు తీరిపోయిందా? — ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తగ్గిన మాట నిజం. మోజు తీరడం మాత్రం అసలు కారణం కాదు. ఈ పోటీకి ఆధారం దారి, మనుషులు, పశువైద్యులు. ఆ మూడూ ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి.

ఇప్పుడు మనం చూసే ఎండ్యూరెన్స్ పోటీ 1955లో అమెరికాలో పుట్టింది. వెండెల్ రోబీ అనే ఆయన సియెరా నెవాడా కొండలు దాటి కాలిఫోర్నియాలోని ఆబర్న్ దాకా పాత దారిలో 160 కిలోమీటర్లు 24 గంటల్లోపు గుర్రం మీద వెళ్లవచ్చని చేసి చూపించారు. అదే తర్వాత టెవిస్ కప్ అయింది. ఆస్ట్రేలియాలో 1966లో టామ్ క్విల్టీ పేరుతో ఇలాంటిదే మొదలైంది. 1986లో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా వచ్చింది. టెవిస్‌లో బయలుదేరిన గుర్రాల్లో ఇప్పటికీ సుమారు సగమే గమ్యం చేరతాయి. 'పూర్తి చేస్తే గెలిచినట్టే' అన్నది అక్కడి మాట. గుర్రం ఆరోగ్యంగా చేరకపోతే ముందొచ్చినా లెక్కలోకి రాదు.

ఇలాంటి పోటీకి గేట్లూ కంచెలూ అడ్డురాని మట్టి దారి పదుల కిలోమీటర్లు కావాలి. అమెరికాలో పెద్ద పొలాలు ముక్కలై ఇళ్ల స్థలాలయ్యాయి, యజమానులు దారులు మూసేశారు. మన దగ్గర జరిగిందీ అదే. చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటలకు ముళ్లకంచెలు వచ్చాయి, బండి బాటలు సిమెంటు రోడ్లయ్యాయి, చెరువు కట్టల మీద తారు పడింది. దారి తర్వాత మనుషులు. ఒక పోటీ జరపాలంటే తెల్లవారుజామున గుర్తులు పెట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, నాడి రాసుకునేవాళ్లు కనీసం ఇరవై మంది జీతం లేకుండా రావాలి. పాతవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొత్తవాళ్లు వారాంతం మొత్తం ఇవ్వలేకపోతున్నారు. గుర్రాన్ని లారీలో తీసుకెళ్లే డీజిల్ ఖర్చు, దాణా ధర, గుర్రాల వైద్యుల కొరత వీటికి తోడయ్యాయి.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేగం. గల్ఫ్ దేశాల చదును ఇసుక దారుల్లో గెలిచే గుర్రాలు గంటకు 25 కిలోమీటర్లు దాటి పోవడం మొదలయ్యాక ఓర్పుకు పెట్టిన పరీక్ష రేసుగా మారింది. కాళ్లు విరిగిన గుర్రాల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. గుర్రాల సంక్షేమం, నిబంధనల ఉల్లంఘనల కారణంగానే అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య, ఎఫ్ఈఐ, 2015లో యూఏఈ సమాఖ్యను కొంతకాలం సస్పెండ్ చేసింది. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ ఈక్వెస్ట్రియన్ క్రీడల ఎండ్యూరెన్స్ పోటీ తప్పు దారి పట్టించడంతో మొదలై, వేడికీ ఉక్కకూ గుర్రాలు తట్టుకోలేక మధ్యలోనే రద్దయింది. గుర్రాన్ని ప్రేమించే మనిషి ఇవన్నీ చూసి దూరం జరిగితే అతన్ని తప్పుపట్టలేం.

మన దేశం సంగతికొస్తే గుర్రాలే తగ్గాయి. 2019 పశుగణనలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే 45.6 శాతం తక్కువ. జట్కాలు పోవడంతో లాడాలు కొట్టేవాళ్లు పోయారు, జీను కుట్టేవాళ్లు పోయారు. మిగిలిన గుర్రాల్లో చాలావాటికి పెళ్లి ఊరేగింపే పని.

ప్రశ్న: పలమనేరు దగ్గర పది పదిహేను గుర్రాలతో చిన్న పోటీ పెట్టాలని మిత్రులం అనుకుంటున్నాం. దూరం ఎంత పెట్టాలి? ఏమేం సిద్ధం చేసుకోవాలి? — ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మంచి చోటు ఎంచుకున్నారు. మొగిలి ఘాట్ ఎక్కితే తిరుపతి కంటే సుమారు 500 మీటర్ల ఎత్తుకు వస్తారు, గుర్రానికి ఆ చల్లదనమే సగం బలం. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు పెట్టుకోండి. మొదటిసారికి 40 కిలోమీటర్లు చాలు. అది కూడా ఒకే సాగుడుగా వద్దు. ఒక మామిడి తోటనో బడి మైదానాన్నో కేంద్రంగా పెట్టుకుని 20 కిలోమీటర్ల చుట్టు రెండుసార్లు తిప్పండి. అప్పుడు పశువైద్యుడు, నీళ్లు, దాణా, లాడాల మనిషి అందరూ ఒకేచోట ఉంటారు. ప్రతి గుర్రం మీ కళ్ల ముందుకు తిరిగి వస్తుంది.

దారి చూడటానికి వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం మరోసారి నడిచిగానీ సైకిల్ మీదగానీ వెళ్లండి. కారులో వెళ్తే ప్రమాదాలు కనబడవు. మీ ప్రాంతంలో ముఖ్యంగా రెండున్నాయి. అడవి పందుల కోసం పొలం గట్ల మీద దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లున్నారు. ఆ తీగకు ఏనుగులే చచ్చిపోతున్నాయి, గుర్రం ఎంత! దారి పక్కన పొలం ఉన్న ప్రతి రైతునూ కలిసి తేదీ, సమయం చెప్పి ఆ రాత్రి తీగ ఉండకుండా చూసుకోండి. రెండోది ఏనుగులు. కౌండిన్య అభయారణ్యం అంచున తెల్లవారుజామున గుంపు పొలాల్లోంచి అడవికి తిరిగి వెళ్తుంది. అటవీ బీటు సిబ్బందిని ముందురోజు అడిగి, ఎటు తిరుగుతున్నాయో తెలుసుకుని, పూర్తిగా వెలుతురు వచ్చాకే మొదటి గుర్రాన్ని వదలండి.

మలుపుల దగ్గర ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టకండి, ఆవులు తింటాయి. గుడ్డ పీలికలు కుడివైపు కొమ్మలకు కట్టి, నేల మీద సున్నంతో బాణం గుర్తు వేయండి. పిల్లలు పీలికలు లాగేసినా సున్నం నిలుస్తుంది. ప్రతి 8 నుంచి 10 కిలోమీటర్లకు నీళ్లుండాలి. తాగడానికీ, ఒంటి మీద పోయడానికీ కలిపి ఒక్కో గుర్రానికి రోజుకు 100 లీటర్లు లెక్క వేసుకోండి. పదిహేను గుర్రాలకు 1500 లీటర్లు. కేంద్రంలో ఒక ట్రాక్టరు ట్యాంకరు నిలిపి, దారిలో బోర్ల దగ్గర తొట్లు నింపిస్తే సరిపోతుంది.

వేగానికి మొదటే కళ్లెం వేయండి. కొత్త గుర్రాల అర్హత పోటీల్లో అంతర్జాతీయంగా గంటకు 16 కిలోమీటర్ల గరిష్ఠ వేగం ఉంది. మీరూ అదే పెట్టుకుంటే 40 కిలోమీటర్లను స్వారీ సమయంలో 2 గంటల 30 నిమిషాల కన్నా తక్కువలో పూర్తి చేసినవాళ్లు అనర్హులు. ఈ నియమం ఒక్కటీ చాలా ప్రమాదాలను ఆపుతుంది.

ఇక అసలైనది వైద్య పరీక్ష. చుట్టు ముగించి వచ్చిన గుర్రం నాడి 15 నిమిషాల్లోపు నిమిషానికి 64 దెబ్బలకు దిగాలి. దిగినట్టు స్వారీ చేసినవాళ్లకు అనిపించినప్పుడే పరీక్షకు తీసుకెళ్తారు. గుర్రం లోపలికి వచ్చిన సమయానికీ, పరీక్షకు నిలిపిన సమయానికీ మధ్య ఎంత పట్టిందో చీటీ మీద రాయాలి. తర్వాత డాక్టరు చిగుళ్ల రంగు చూస్తారు, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. భుజం దగ్గర చర్మం చిటికెతో లాగి వదిలితే వెంటనే కిందికి పడాలి. డొక్కలకు రెండువైపులా, పైనా కిందా స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటారు. చివరగా గట్టి నేల మీద 40 మీటర్లు వదులు పగ్గంతో పరుగెత్తించి వెనక్కి తెస్తారు. కాలు కుంటితే అక్కడితో ఆపాలి, ఎంత ముందున్నా సరే. పాస్ అయిన గుర్రానికి 40 నిమిషాల విశ్రాంతి, మేత, నీళ్లు. పదిహేను గుర్రాలకు ఇద్దరు వైద్యులు, సహాయానికి నలుగురు విద్యార్థులు ఉంటే క్యూ కట్టకుండా సాగుతుంది.

ఇంకొక్క మాట. గ్లాండర్స్ అనే జబ్బు ఉన్న గుర్రం ఒక్కటి వచ్చినా మిగతా గుర్రాలకే కాదు, మనుషులకూ అంటుకుంటుంది. దానికి టీకా లేదు. వ్యాధి తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపేయాల్సి వస్తుంది. కాబట్టి పశుసంవర్ధక శాఖకు ముందే తెలిపి, రక్త పరీక్ష రిపోర్టు లేని గుర్రాన్ని మైదానంలోకి దించకండి. తొట్లలో గుర్రాల్ని నేరుగా తాగనివ్వకుండా, ఎవరి బకెట్టు వాళ్లే తెచ్చుకుని అందులో పట్టి తాగించాలని నియమం పెట్టండి.

ప్రశ్న: మా దగ్గర ఏడేళ్ల మార్వారీ గుర్రం ఉంది. ఇప్పటిదాకా పెళ్లిళ్లకే పంపాం. దీన్ని 40 కిలోమీటర్లకు సిద్ధం చేయగలమా? ఉలవలు ఎంత పెట్టాలి? — ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: చేయగలరమ్మా, వయసు సరిగ్గా ఉంది. ఐదేళ్లు నిండని గుర్రాన్నయితే వద్దనే చెప్పేవాళ్లం. అయితే తొందర పడకండి. ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే బలపడతాయి. కండరాలకు మూడు నాలుగు నెలలు పడుతుంది. స్నాయువులు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి, ఎముకకు ఏడాది పైనే. ప్రమాదం ఇక్కడే ఉంది. రెండు నెలలకే గుర్రం ఉషారుగా ఉరుకుతుంది, యజమాని సిద్ధమైపోయిందనుకుంటాడు, కాలు వాస్తుంది.

మొదటి నెల వారానికి నాలుగు రోజులు, రోజుకు 5 నుంచి 8 కిలోమీటర్లు, పూర్తిగా నడకే. రెండో నెలలో 10 నుంచి 12 కిలోమీటర్లు, మధ్యలో ఐదేసి నిమిషాలు ట్రాట్ (నడకకన్నా వేగంగా, లయగా సాగే చిన్న పరుగు). మూడో నెలలో వారానికి ఒక్క పొడవు ప్రయాణం 20 కిలోమీటర్లు, మిగతా రోజులు చిన్నవి. నాలుగో నెలలో ఆ పొడవు ప్రయాణాన్ని 25 నుంచి 28కి పెంచండి. దూరం పెంచిన వారం వేగం పెంచకూడదు, వేగం పెంచిన వారం దూరం పెంచకూడదు. తారు రోడ్డు మీద నడక పర్వాలేదు కానీ ట్రాట్ కొద్దిసేపే. లాడాలు ఐదారు వారాలకొకసారి తీసి, డెక్కలు చెక్కి మళ్లీ కొట్టించాలి. డెక్క ముందుభాగం పొడవుగా పెరిగితే వెనక స్నాయువు మీద లాగుడు పడుతుంది.

ఉలవలు మన దగ్గర గుర్రాలకు తరతరాలుగా పెడుతున్న దాణా, మంచిదే. పచ్చివి పెడితే మాంసకృత్తులు సరిగా అరగవు. రాత్రి ఎనిమిది గంటలు నానబెట్టి ఉడికించి, చల్లార్చి పెట్టండి. ఎండు గింజల లెక్కలో రోజుకు అర కిలోతో మొదలుపెట్టి, పని పెరిగేకొద్దీ కిలో దాకా. దాణా అంతా కలిపి ఒక పూటకు రెండు కిలోలు దాటకూడదు. గుర్రం కడుపు మేతకు తయారైనది. 350 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 7 కిలోల ఎండు మేత ముందు పడాలి, దాణా ఆ తర్వాత. వేరుశెనగ కట్టె పెట్టేటప్పుడు దులిపి మట్టి రాల్చండి, బూజు వాసన వచ్చిన మోపు పారేయండి. సూపర్ నేపియర్ గడ్డి ఒక్కదాని మీదే పెంచితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. తవుడు ఎక్కువైతే అందులోని భాస్వరం కూడా అదే నష్టం చేస్తుంది.

పని లేని రోజు దాణా సగం చేయండి. ఇది చాలామంది మరిచిపోతారు. పూర్తి దాణా తిని ఖాళీగా నిలబడ్డ గుర్రాన్ని మర్నాడు పనికి తీస్తే వెనక తొడలు రాయిలా బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. అలా అయితే ఒక్క అడుగు కూడా నడిపించకుండా ఉన్నచోటే నిలిపి డాక్టర్ని పిలవండి.

ప్రశ్న: స్వర్ణముఖి ఏటి ఇసుకలో రోజూ పరుగెత్తిస్తున్నాను, బలం వస్తుందని. 15 కిలోమీటర్ల తర్వాత నాడి 80 దగ్గరే ఉండిపోతోంది, అరగంటకు గానీ దిగడం లేదు. ఏం చేయాలి? — ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ముందు లెక్క సరిగా ఉందో చూడండి. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. 'లబ్‌-డబ్' రెండూ కలిపి ఒక్క దెబ్బ. వాటిని రెండుగా లెక్కపెట్టి కంగారుపడేవాళ్లు చాలామంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం నాడి 28 నుంచి 44 మధ్య ఉండాలి. మీ గుర్రానికి పొద్దున్నే దాణాకు ముందు చూసి వారం రోజులు రాసిపెట్టండి.

లెక్క సరిగానే ఉంటే రక్తం పరీక్ష చేయించండి. వానలు తగ్గాక జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా జబ్బు గుర్రాన్ని లోపల్నుంచి తినేస్తుంది. వచ్చిపోయే జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, పొట్ట కింద, కాళ్లలో నీరు దీని గుర్తులు. రక్తం తక్కువైన గుర్రానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. శిక్షణ ఎంత పెంచినా ఆ నాడి దిగదు. కాలి నొప్పి ఉన్నా నాడి దిగదు, అందుకే ఇసుక సంగతి చెప్పాలి. లోతైన ఇసుకలో అడుగు దిగబడి, డెక్క వెనక్కి జారి, ప్రతి అడుగుకూ కాలి వెనక స్నాయువు సాగుతుంది. ముందు ఆపేయండి. ఏటి ఒడ్డున తడిసి గట్టిపడ్డ అంచులో నడక మాత్రం చేయించండి. పని ముగిశాక ముంగాలి వెనక భాగాన్ని రెండు వేళ్లతో పైనుంచి కిందికి తడమండి. ఒక కాలికన్నా రెండోది వేడిగా ఉన్నా, వేలికి తాడు మందంగా తగిలినా రెండు వారాలు విశ్రాంతి, తర్వాత డాక్టరు చూడాలి. ఇసుక నేల మీద మేత వేయడం కూడా మానండి. మేతతో మింగిన ఇసుక పేగుల్లో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది.

చల్లబరచడం గురించి మీరు రాయలేదు. చన్నీళ్లు పోస్తే ఒళ్లు పట్టేస్తుందన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది, అది నిజం కాదు. మెడ, ఛాతీ, పొట్ట కింద, తొడల లోపల ఆపకుండా బకెట్ల మీద బకెట్లు పోయండి. ఒకసారి పోసి వదిలేస్తే ఆ నీళ్లు ఒంటి మీదే వేడెక్కి నిలుస్తాయి. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్లు తాగించకూడదన్నదీ తప్పే. దారిలో ఎక్కడ దొరికితే అక్కడ తాగనిచ్చి, ఆపకుండా నడిపించండి.

ప్రశ్న: ఏ రోజు స్వారీకి వెళ్లవచ్చో ఎలా తెలుసుకోవాలి? ఉప్పు పెట్టాలంటారు, ఎంత? — పుత్తూరు, నగరి నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం కూడండి. 130 లోపు ఉంటే గుర్రం తనను తాను చల్లబరచుకుంటుంది. 150 దాటి అందులో సగానికి పైగా తేమే ఉంటే చెమట ఆరదు, దూరం సగానికి తగ్గించండి. 180 దాటితే గుర్రాన్ని బయటికి తీయకండి. ఉదాహరణకు నవంబరు వాన రోజున 28 డిగ్రీల సెల్సియస్ అంటే 82 ఫారెన్‌హీట్, తేమ 85. మొత్తం 167. చల్లగా ఉందనిపించే ఆ రోజే గుర్రానికి కష్టం. జనవరిలో ఘాట్ పైన పొద్దున్నే 64, తేమ 70 అయితే 134, అంటే 150కి చాలా కిందే.

వేడి రోజున కష్టపడే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట కార్చగలదు. ఆ చెమటలో మనిషి చెమటకన్నా ఉప్పులు ఎక్కువ. మామూలు రోజుల్లో రోజుకు 30 గ్రాముల కల్లుప్పు దాణాలో కలపండి. పొడవు ప్రయాణం రోజున రెండు పాళ్లు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్ కలిపి, విరామానికొకసారి 30 గ్రాములు తడి దాణాలో ఇవ్వండి. నీళ్లు తాగని గుర్రానికి ఉప్పు పట్టించకూడదు. ఒంట్లో మిగిలిన నీటిని కూడా ఆ ఉప్పు పేగుల్లోకి లాగేస్తుంది.

ప్రశ్న: శేషాచలం అడవిలో గుర్రాల మీద వెళ్లవచ్చా? — ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అది జాతీయ పార్కు, 2010 నుంచి జీవావరణ రిజర్వు కూడా. ఎర్రచందనం కాపలా వల్ల తనిఖీలు గట్టిగా ఉంటాయి. అనుమతి కోసం నెలలు ఎదురుచూసే బదులు బయటి బండి బాటలు వెతుక్కోండి.

ప్రశ్న: నేను పశువైద్య విద్యార్థిని. ఇలాంటి పోటీల్లో సహాయానికి వెళ్లాలనుంది. పుస్తకంలో దొరకనివి ఏం నేర్చుకోవాలి? — తిరుపతి

జవాబు: మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాం. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థుల్లో ఏటా నలుగురైదుగురు గుర్రాల వైపు వస్తే ఈ జిల్లాలో చిన్న పోటీలకు ప్రాణం వస్తుంది.

రెండు విషయాల్లో చెయ్యి తిరగాలి. మొదటిది నిమిషం పరీక్ష. నాడి లెక్కపెట్టిన వెంటనే 40 మీటర్లు వెళ్లి వెనక్కి వచ్చేలా ట్రాట్ చేయించండి. ట్రాట్ మొదలైన క్షణం నుంచి నిమిషం కాగానే మళ్లీ లెక్కపెట్టండి. 60 ఉన్నది 60 లేదా 56 అయితే మంచిది. 68 అయితే గుర్రం పైకి బాగున్నా లోపల అలసిపోయింది, నొప్పి కూడా ఉండవచ్చు. 64 లోపే ఉందని వదిలేసిన గుర్రాల్లో ఇలాంటివే తర్వాతి చుట్టులో పడిపోతాయి.

రెండోది డొక్క అదరడం. చెమటలో క్లోరైడ్, కాల్షియం పోయిన గుర్రానికి డయాఫ్రం (ఊపిరి ఆడించే కండరపు పొర) నరం అతిగా స్పందించి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ డొక్క ఎక్కిళ్లు వచ్చినట్టు ఎగిరిపడుతుంది. ఒక చెయ్యి డొక్క మీద, స్టెతస్కోపు గుండె మీద పెడితే రెండూ ఒకే తాళంలో తెలుస్తాయి. ఆ గుర్రాన్ని పోటీ నుంచి తప్పించి సీనియర్ డాక్టరుకు అప్పగించండి. కాల్షియం రక్తనాళంలోకి ఎక్కించేటప్పుడు చాలా నెమ్మదిగా, గుండె వింటూ ఎక్కించాలి. యజమాని బతిమాలతాడు, కోప్పడతాడు, ఇంకో చుట్టు మాత్రమే అంటాడు. చీటీ మీద సమయం, నాడి, చూసిన గుర్తు రాసి సంతకం చేసి ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్లాక 24 గంటల వరకు ఏం చూడాలో కూడా అదే చీటీ వెనక రాయండి: పేడ వేసిందా, మూత్రం రంగు, నీళ్లు ఎన్ని బకెట్లు తాగింది, మేత ముట్టిందా.

ప్రశ్న: నా బరువు 82 కిలోలు, గుర్రం 360 కిలోలు. పాల్గొనవచ్చా? — ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మనిషి, జీను, నీళ్ల సీసాలు అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకుండా చూసుకోవాలి. మీ గుర్రానికి అది 72 కిలోలు. మీరూ 8 కిలోల జీనూ కలిస్తే 90. ఈ గుర్రం మీద మీ ఇంట్లో తేలికైనవాళ్లెవరైనా స్వారీ చేయనివ్వండి. మీరు 450 కిలోలకు తగ్గని గుర్రాన్ని చూసుకోండి, లేదా పగ్గం పట్టుకుని పక్కన నడుస్తూ శిక్షణ ఇవ్వండి.